చిత్తడి నేల లెక్క

మనవరాలు పలక తుడిచినప్పుడల్లా ఇల్లంతా తడి సుద్ద వాసన వస్తుంది. ఆ వాసనకు నాకు నూతులు గుర్తొస్తాయి, వాటి మీదకు వంగి నిలబడ్డ సత్యానందం గారు గుర్తొస్తారు. ఎనభైల మొదట్లో, అమలాపురంలో భూగర్భజలాల ఆఫీసులో ఆయన నాకు పై అధికారి. రాజోలు పక్క కూలిపని చేసుకునే ఇంట పుట్టి, మిషను బడిలో చదివి ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. స్టీలు టేపుకు సుద్ద పూసి నూతిలోకి దించేవారు. పైకి తీశాక సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూస్తే నీరు ఎంత లోతున ఉందో తెలిసేది. చేరిన కొత్తలో నేను రెండుసార్లు దించితే రెండు కొలతలు వచ్చాయి. సగటు వేసి రాయబోయాను. "సగటు లోతులో నీళ్లుండవండి. ఇంకోసారి దించండి" అన్నారు.

మలికిపురం అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక ఊరుంది. దాని పక్కనే మడ చెట్ల చిత్తడి. వానలకు చేలు మునుగుతున్నాయని, చిత్తడి మీదుగా పోయే మురుగు కాలువను లోతు చెయ్యమని రైతులు అడిగారు. అక్కడ ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద పలచటి పొరలా నిలిచి ఉంటుంది. ఊరి నూతుల్లో ఊరేది ఆ నీరే. కాలువ తవ్వితే అవి ఉప్పునీళ్లవుతాయా అన్నది తేల్చే పని నాకిచ్చారు. నెల రోజులు కొలిచాను. గ్రాఫు కాగితం మీద ఊరినీ చిత్తడినీ గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో నీటిమట్టం ఎంతుంటుందో చేత్తోనే లెక్కగట్టాను. నూతులకు ప్రమాదం లేదని తేలింది. సత్యానందం గారు సెలవులో ఉండగానే నివేదిక పైకి వెళ్లిపోయింది.

తిరిగొచ్చాక ఆయన నా నోటుబుక్కు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు. ఆ ఊళ్లో నూతి దగ్గర కలిసిన మరియమ్మ గారు, ఎండాకాలంలో చిత్తడి ఎండిపోతుందని చెబితే, ఆ పేజీ అంచున రాసుకున్నాను.

"ఈవిడ మాట మీ లెక్కలో ఎక్కడుందండీ?"

ఎక్కడా లేదు. నేను కొలిచింది శీతాకాలంలో. వేసవిలో నీళ్లు ఆపి పంట కాలువలు కట్టేస్తారని, అప్పుడు చేల నుంచి చిత్తడికి నీరు రాదని పుట్టిన దగ్గర్నుంచీ తెలిసి కూడా, చిత్తడిలో నీరు ఏడాదంతా అంతే ఉంటుందనుకున్నాను.

కాలువలు కట్టేశాక ఇద్దరం మళ్లీ వెళ్లాం. చిత్తడి బీటలు వారి ఉంది. కొత్త కొలతలతో గళ్లన్నీ మళ్లీ నింపాను. కాలువ లోతు చేస్తే సముద్రపు పోటు నీరు చిత్తడిలోకి ఎక్కి, అక్కణ్ణుంచి నూతుల కిందికి చేరుతుందని తేలింది. ఆ కాగితం ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. తవ్వకానికి అప్పటికే అనుమతి వచ్చేసింది. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"కూర్చోండమ్మా. ఇంకా తవ్వలేదు కదా" అన్నారాయన. మర్నాడు పైకి రాసిన ఉత్తరంలో నా పేరు లేదు. "మేము పొరబడ్డాము" అని ఉంది.

కాలువల ఇంజనీరు గారు మమ్మల్ని పిలిపించి విసుక్కున్నారు. "అప్పుడొక మాట చెప్పేరు, ఇప్పుడొక మాటా?"

"ఆయ్. అప్పుడు తప్పు చెప్పేమండి. ఇప్పుడు మళ్లీ కొలిచి చెబుతున్నాం" అన్నారు సత్యానందం గారు, గొంతు పెంచకుండా.

కాలువకు సముద్రం వైపు ఒక షట్టరు పెట్టి వేసవిలో మూసేస్తే చిత్తడి నీరు బయటికి పోదు, పోటు లోపలికి రాదు. అది లెక్కతో చూపించాం. ఇంజనీరు గారు చాలాసేపు కాగితాలు చూసి, చివరికి ఒప్పుకున్నారు.

కాలువ తవ్వి, షట్టరు పెట్టాక వచ్చిన వేసవిలో మళ్లీ ఆ ఊరు వెళ్లాం. మరియమ్మ గారు చేదతో నీళ్లు తోడి, చెంబు నా చేతికిచ్చారు. నోట్లో పోసుకోవడానికి భయమేసింది.

"తాగండమ్మా, మేం రోజూ తాగుతున్నవే" అన్నారావిడ.

తియ్యగా ఉన్నాయి. అన్నాళ్లూ గుండెల మీద మోసిన బరువు ఒక్కసారిగా దిగిపోయి, నూతి గట్టు మీద కూలబడ్డాను. సత్యానందం గారు చెంబు అందుకుని మిగిలినవి గటగటా తాగేసి, సంచిలోంచి టేపు తీశారు. "ఇక కొలుద్దామండీ."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. తరవాత కొన్నేళ్లు ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. నా దగ్గర పనిచేసిన పిల్లలు కొందరు, ఎవరూ కనిపెట్టకముందే, చేసిన తప్పు వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పారు. నా గది తలుపు తోసుకుని రావడానికి వాళ్లు భయపడలేదంటే, ఆయన దగ్గర నేర్చుకున్నది కొంతైనా నాలో మిగిలిందన్నమాట. ఆ తలంపు వచ్చినప్పుడల్లా మనసు తేలికపడుతుంది.