ఎడమచేతి కాఫీ

మా బాపు రోజూ పొద్దున్నే మా అమ్మకు కాఫీ చేసి ఇస్తాడంటే మా నేతవాళ్ల పేట కొత్తవాడలో సగంమంది నవ్వేవారు. మిగతా సగం చూసిపోవడానికి వచ్చేవారు. గాజు జగ్గులో రవ్వలాంటి కాఫీపొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, నోట్లోనే రెండు వందల దాకా లెక్కపెట్టేవాడు. ఆ తర్వాత జల్లెడ బిళ్ల ఉన్న కడ్డీని ఎడమచేత్తో మెల్లగా కిందికి నొక్కేవాడు. పొడి అడుగుకు చేరేది. పైన నిలిచిన డికాక్షన్‌లో వేడిపాలు, చక్కెర కలిపి అమ్మ ముందు పెట్టేవాడు. ఎడమచేత్తో చేసిందని మా మేనత్త పోశవ్వ ముట్టేది కాదు. నష్టం ఆమెదే.

ఆ జగ్గు మా ఇంటికి 1978లో వచ్చింది. హనుమకొండ కాలేజీలో పాఠాలు చెప్పే వెంకటేశ్వర్లు సారు ఫ్రాన్స్‌ వెళ్లినప్పుడు తెచ్చుకున్నదది. బదిలీ మీద పోతూ, తనకు మంచి జంపఖానా నేసి పెట్టాడన్న అభిమానంతో బాపుకు ఇచ్చాడు. మాది చాయ్ తాగే ఇల్లు. అయినా బాపు ఆ ఆదివారమే కాఫీపొడి తెచ్చాడు, మెత్తగా పిండిలా ఉన్నది. అది జల్లెడకు అడ్డుపడి కడ్డీ దిగలేదు.

జంపఖానా నేసేవాళ్లు ప్రతి వరుస దారాన్నీ పంజాతో కొట్టి దించుతారు. పంజా అంటే ఇనుప పళ్ల దువ్వెనలాంటిది. ఇరవై ఏళ్లుగా ఆ దెబ్బకు అలవాటుపడ్డ కుడిచేయి కడ్డీ మీద కూడా అదే దెబ్బ వేసింది. మరిగే కాఫీ ఎగజిమ్మి మణికట్టు దాకా కాలింది. జగ్గు మాత్రం నిక్షేపంగా ఉంది.

దవాఖానలో కట్టుకట్టి ఇరవై రోజులు చేయి కదపొద్దన్నారు. మగ్గం మీద చేనేత సొసైటీ వాళ్ల జంపఖానా సగంలో ఆగింది. పది రోజుల్లో ఇవ్వకపోయినా, నేత బాగాలేక వాపసు వచ్చినా దసరా దాకా మాకు నూలు ఇవ్వరు. మాకున్నది ఆ ఒక్క మగ్గమే.

"నేను కొడ్త," అంది అమ్మ.

మా ఇంట్లో ఆడవాళ్లు నూలు చుట్టడమే గాని పంజా పట్టింది లేదు. బాపు తల అడ్డంగా ఊపాడు. "జొన్నరొట్టె కొట్టినట్టు కాదే రాజవ్వా. చెయ్యి మారితె బట్ట మీద గీత కనపడ్తది."

"నీ దెబ్బ కాఫీ మీద చూసినం గద. ఇగ నా దెబ్బ చూడు."

మొదటి రోజు నేసినదాన్ని బాపు రెండుసార్లు విప్పించాడు. మూడోసారి నేసినదాన్ని ఉంచనిచ్చాడు. అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కన ఊరికే కూర్చోలేక బాపు మళ్లీ ఆ జగ్గు తీశాడు. ఈసారి పొడి బరకగా ఆడించుకొచ్చి ఎడమచేత్తో నొక్కాడు. ఆ చేతికి పంజా దెబ్బ తెలియదు. కడ్డీ మెత్తగా దిగింది. ఆ పది రోజులూ అమ్మ ఆ కాఫీ మీదే నిలబడిందని ఇప్పటికీ నా నమ్మకం. నాకూ రెండు గుక్కలు దక్కేవి.

జంపఖానా మోసుకుని బాపుతో సొసైటీకి నేనే వెళ్లాను. గుమాస్తా కట్టయ్య అరుగు మీద పరిచి అరచేత్తో తడుముతూ పోయి, సగంలో ఆగాడు.

"రాజలింగూ, ఈడ చెయ్యి మారింది."

"మారింది. ఈడిదాక నాది. ఈన్నుంచి మా రాజవ్వది."

కట్టయ్య మళ్లీ తడిమి చూశాడు. "నేత గట్టిగనే ఉంది. తీస్కుంట తియ్యి. నీ పేరు మీదనే రాస్త."

"ఇద్దరి పేర్లు రాయి కట్టన్నా. లేకపోతె వాపస్ తీస్కపోత."

కట్టయ్య కాసేపు బాపు చేతి కట్టు వైపు, కాసేపు జంపఖానా వైపు చూశాడు. చివరికి రిజిస్టర్ తెరిచి బాపు పేరు కింద అమ్మ పేరు రాశాడు. మా బాపును చూసి నేను అంత గర్వపడ్డ రోజు ఇంకొకటి లేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ కళ్లు తుడుచుకుంది. చదువు రాని మనిషి.

"సావిత్రీ, నా పేరు రాస్తె ఎట్లుంటదే? జర రాసి చూపియ్యి."

మగ్గం పక్కన గచ్చు మీద సుద్దముక్కతో పెద్దగా రాశాను. అమ్మ ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసుకుంది. నాలుగు రోజులు అక్కడ ఎవరినీ ఊడ్వనివ్వలేదు.