బావి దారిలో ముల్లుకంప

పోయిన కార్తీకంలో రెండో ఆదివారం, పొద్దున ఏడు గంటలకు ఇది జరిగింది. పేర్ణాంబట్టు దగ్గర కొండ దిగే కాలిదారి మా చేలో బావి పక్కనుంచి పోతుంది. వానలకు బావి గట్టు దారితో సహా విరిగి లోపల పడింది. అందుకని నేను, నా కోడలు సెల్వి దారికి అడ్డంగా ముల్లుకంప వేశాం.

గేరు సైకిళ్ళ మీద వేలూరు పిల్లలు ముగ్గురు కొండ దిగారు. ముందున్నవాడు కంపను పక్కకు లాగాడు.

"నాయనా, కంప తీయొద్దు" అని చేలోంచి అరిచాను.

"నీ చేను తొక్కంలే తాతా, దారిలోనే పోతాము" అన్నాడు. పైరు కోసం కంప వేశాననుకున్నాడు. గట్టు సంగతి చెప్పేలోపే సైకిలెక్కి పల్లంలో జోరుగా వెళ్ళి బావిలో పడ్డాడు.

బావిలో నీళ్ళు తక్కువ, అడుగంతా బండ. పక్క చేను మునెప్ప మోకు పట్టుకొని దిగాడు. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. తలకు హెల్మెట్ అలాగే ఉంది.

"ఎవరి పైరూ తొక్కకూడదని మాకే చెప్తా ఉండె తాతా" అని వాడి స్నేహితుడు ఏడ్చాడు.

మంచి పిల్లవాడే. అయినా చచ్చిపోయాడు. కొండదారుల్లో సైకిలు తొక్కేవాళ్ళు అడ్డంగా కంప కనబడితే తీయకండి, దిగి అడగండి.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, సెల్వి, మునెప్ప, చనిపోయిన కార్తీక్, వాడి స్నేహితులు దినేష్, అరుణ్.