సలాం చెప్పేదాకా కదలకు

మనం దాచుకున్నదంతా ఎరిగి కూడా మన మీద తలుపు మూయని కరుణామయుడు అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన ప్రవక్త (స) మీద శాంతి శుభాలు కురియుగాక.

నాందేడ్‌లోని మా ఇంటికి ఈ ఎండాకాలం సెలవులకు వచ్చిన నా మనుమరాలు, ఏడేళ్ల పిల్ల, మొన్న సాయంత్రం అసర్ నమాజు వేళ నా పక్కన వచ్చి నిలబడి, "నానీ, నాగ్గూడ నమాజ్ నేర్పవా?" అని అడిగింది. ఏ అమ్మమ్మకైనా ఆ మాటకు గుండె నిండాలి. నాకు భయమేసింది. వంటింటి గడపలో నిలబడ్డ నా కూతురు మా ఇద్దరినీ చూసి ముఖం తిప్పుకుంది.

ముప్పై ఏళ్ల కిందట మేము బిలోలి దగ్గరి పల్లెలో ఉండేవాళ్లం. మా అత్తగారి వాళ్లది దూది ఏకే పని. ఇంట్లో మాట తెలుగు, బడి మరాఠీ, దీన్ చదువు, అంటే మతం చదువు, ఉర్దూ. నాన్న దగ్గర ఖురాన్ నేర్చుకుని వచ్చిన కోడలినని ఊరి ఆడవాళ్లు నా దగ్గరికి పాఠానికి వచ్చేవారు. ఆ గౌరవం నాకెంత తియ్యగా ఉండేదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

కూతురికి ఏడు నిండగానే, నా పాత పచ్చచీర కొంగుతో, నమాజుకు కింద పరుచుకునే చిన్న జానిమాజ్ కుట్టి ఇచ్చాను. నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే నాయనమ్మ వుజూకు నీళ్లు నింపి పెట్టడం, నమాజు వేళకు జానిమాజులు పరచడం, ముగిశాక గుర్తుగా వాటి మూల మడవడం దాని పనులు. మా అత్తమ్మకు ఆ మనుమరాలంటే ప్రాణం. "ఏందే నా చిన్న మౌల్వీ, మీ అమ్మకంటె నువ్వే గట్టిగున్నవ్ గదనే!" అని ఏడిపించేది. కానీ పిల్ల మనసు పిల్ల మనసే. పెరట్లో కోడిపిల్ల అరిస్తే, నుదురు నేలకానించిన సజ్దాలోంచే తొంగిచూసి నవ్వేది. ఒకరోజు చెవి పట్టుకుని చెప్పాను: "ఎవ్వరు పిల్సినా, ఏమైనా, సలాం చెప్పేదాక కదలకు. అల్లాహ్ ముందట నిలబడ్డవ్."

ఆ తర్వాత నెల తిరగలేదు. నేను రెండు వీధుల అవతల పాఠం చెబుతున్నాను. ఇంట్లో పిల్ల అసర్‌కు నిలబడింది. పెరట్లో స్నానాల బండ మీద మా అత్తమ్మ జారి పడింది. పిల్ల ఆ నమాజులోని నాలుగు రకాతులూ, నేను నేర్పినట్టే, ఎక్కడా తొందరపడకుండా పూర్తి చేసి, ముగింపుగా రెండు వైపులా సలాం చెప్పి, అప్పుడు పరుగెత్తింది. నేను వచ్చేసరికి ఇల్లంతా జనం. నడింట్లో ఆ పచ్చ జానిమాజ్ మూల మడవకుండా పడి ఉంది.

పక్కింటావిడ అడిగింది, "ఇంట్ల పిల్ల ఉండంగనే గిట్లెట్లయ్యిందమ్మా?"

నేను పిల్ల మీద పడ్డాను. "నానమ్మ పిలుస్తుంటె ఇనబడలేదానే?"

"ఇనబడ్డది అమ్మీ. మూడుసార్లు పిల్సింది. నువ్వే గదా కదలొద్దన్నవ్."

అందరూ నా వైపు తిరిగారు. అందులో సగం మంది నా దగ్గర పాఠం నేర్చుకునేవాళ్లే. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల కోసం నమాజు మధ్యలో విడిచి వెళ్లాల్సిందేననీ, పసిబిడ్డ ఏడుపు వినబడితే ప్రవక్త (స) తాను చేయిస్తున్న నమాజునే కుదించేవారనీ వాళ్లకు చెప్పినదాన్ని నేనే. నా బిడ్డకు మాత్రం సగమే చెప్పాను.

"నేనెప్పుడన్న గట్లని? తప్పు జేసి నమాజు మీదికి తోస్తున్నవా?" అన్నాను.

మూడో రోజు అత్తమ్మ పోయింది. ముందే లేపితే బతికేదా అని నేను డాక్టరును అడగలేదు, అడగడానికి ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత నా కూతురు నమాజుకు నిలబడితే ఒక చెవి పెరటి వైపే ఉండేది. గిన్నె కింద పడ్డా మధ్యలో విడిచి ఉరికేది. కొన్నాళ్లకు జానిమాజ్ పరచడమే మానేసింది. ఎందుకని అడిగే హక్కు నాకు లేదు, అడగలేదు.

మొన్న మనుమరాలు అడిగిన సాయంత్రం, వంటింట్లోకి వెళ్లి, బియ్యం ఏరుతున్న కూతురి ముందు కూర్చున్నాను. "ఆనాడు కదలొద్దన్నది నేనే బిడ్డా. అందరి ముందట అబద్ధమాడిన," అన్నాను.

నా కూతురు చేట మీంచి తలెత్తకుండానే మెల్లగా అంది: "నువ్వు మర్సిపోయి అన్నవనుకున్న అమ్మీ, గిన్నేండ్లు. యాదుండే అన్నవా?"

ఇన్నాళ్లూ అది నన్ను క్షమించడానికి ఒక కారణం పట్టుకుని బతికింది. ఆ కారణాన్ని కూడా నేనే లాగేసుకున్నాను.

మర్నాడు మనుమరాలికి మొదటి పాఠంగా, నమాజు సంకల్పం చెప్పుకునే నియ్యత్‌కన్నా ముందు, ఆపదలో ఎవరైనా పిలిస్తే నమాజు విడిచి ఉరకాలని చెప్పాను. ఇప్పటి పిల్లలకు ఫోనే అజాన్ వినిపిస్తుంది, బజారులో రంగురంగుల జానిమాజులు దొరుకుతాయి, మా కాలంలాగా చెవులు పట్టుకుని చెప్పేవాళ్లూ తగ్గారు. మంచిదే. మేము నేర్పిన దాంట్లో భయం ఎక్కువ, దయ తక్కువ. పిల్ల నమాజు ముగించి ఆడుకోవడానికి పోయింది. నా కూతురు వచ్చి వంగి, ఆ జానిమాజ్ మూల మడిచి, మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది. దాని మీద నిలబడలేదు.

నా ఈడు తల్లులారా, మీ చేతులు ఎత్తినప్పుడు నా బిడ్డను కూడా తలచుకోండి. యా అల్లాహ్, నా అబద్ధం ఆమెకూ నీకూ మధ్య అడ్డుగోడ కాకుండా చూడు. ఆ గోడ కట్టినదాన్ని నేనే, లెక్క నన్నడుగు, ఆమెను నీ దగ్గరికి పిలుచుకో. మీరూ నాతో పాటు ఆమీన్ అనండి.