డబ్బా నిండా సూదులు

ఆ రోజుల్లో నాకు ఊరు దాటడమంటే ఎంఎంటీఎస్ ఎక్కి చివరి స్టేషన్లో దిగడమే. అందుకే లాలాగూడలో వెల్డింగ్ షెడ్డు నడిపే మా మేనమామ "మెదక్ దిక్కు పోదాం పా" అనగానే, పెళ్లికి వెళ్తున్నట్టు తయారయ్యాను. మామ కొత్తగా ఒక తెల్లటి చక్రాల ఇల్లు చేశాడు. జీపు వెనక తగిలించి లాక్కెళ్లాలి. లోపల మంచం, పొయ్యి, నాలుగు కిటికీలు (మా ఇంటికి రెండే!). కర్టెన్లు కుట్టే పని నాది. పదో తరగతితో చదువు ఆపేశాక చేతికొచ్చిన మొదటి పెద్ద పని. ఒంటిగంటకల్లా బండిని ఒక ఫారం ఓనరుకు అప్పజెప్పాలి. ఆయనకు నచ్చితే మరో ఆరు బండ్ల కర్టెన్లు కూడా నావే.

ఎండ మండిపోతోంది. గొర్రెలు మేసే బీడు భూముల మధ్యకు వచ్చేసరికి జీపు ఇంజన్ పొగలు కక్కింది. మామ క్యాను పట్టుకుని నీళ్ల కోసం బోరు దగ్గరికి నడిచాడు. నేను చక్రాల ఇంట్లో కూర్చుని కర్టెన్లకు మిగిలిన హుక్కులు కుడుతున్నాను. ఇంతలో కిటికీలోంచి గొంగడి కప్పుకున్న ఒక తాత తల లోపలికొచ్చింది.

"సూదులు తెచ్చిన్రా బిడ్డా?"

"డబ్బ నిండ ఉన్నయి తాతా!" అన్నాను గొప్పగా.

"అన్నిటికి ఏస్తవా?"

"అన్నిటికి ఏస్తా. గంటల ఖతం."

"మల్ల తక్లీఫ్ గాదు గద?"

"ఒక్కసారి ఏస్తే ఏడాది దాక చూసే పనే లేదు."

తాత నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. కర్టెన్లకు దణ్ణమెందుకో నాకు అంతుపట్టలేదు.

పావుగంటకల్లా బండి చుట్టూ గొర్రెలే. ముందూ వెనకా, జీపు కింద నీడలో కూడా. మామ దూరం నుంచే అరిచాడు: "ఏందే పిల్లా ఇది?"

"నాకేం ఎరుక మామా? నేను హుక్కులు కుడుతున్న!"

"అన్నిటికి ఏస్తనన్నది గద డాక్టరమ్మ!" అన్నాడు తాత.

తెల్ల బండిని చూసి పశువుల దవాఖాన బండి అనుకున్నాడట! నేను బిక్కమొహంతో డబ్బా తెరిచి చూపించాను. తాత సూదిని చూశాడు, నన్ను చూశాడు, మందను చూశాడు. "గిదా?" అన్నాడు. పక్క మందలో రోగంతో గొర్రెలు చచ్చిపోతుంటే, రెండు రోజులుగా ఆ బండి కోసమే ఎదురుచూస్తున్నాడు పాపం. నేను మెల్లగా డబ్బా మూత పెట్టేశాను.

మామ ఫోన్ చేస్తే దవాఖానవాళ్లు వస్తామన్నారు. తాత మాత్రం మందను కదలనివ్వలేదు. "గిన్నిటిని మల్ల జమ జేసుడు నాతోని గాదు. ఆ బండి వచ్చేదాక ఈడనే!" దాంతో మేమూ అక్కడే. అసలు బండి వచ్చేసరికి మూడయింది. తాత డాక్టరుకు నన్ను చూపించి, "నీకన్న ముందుగాల గీ పిల్ల వచ్చింది సారూ. మంచిగ మాట్లాడింది. సూదే ఏయలే," అన్నాడు.

ఆలస్యానికి మండిపడ్డ ఫారం ఓనరు బండి తీసుకున్నాడు గానీ కర్టెన్ల వైపు కన్నెత్తి చూడలేదు. ఆ ఆరు బండ్ల పని ఇంకెవరికో పోయింది. తాత మందకు మాత్రం ఆ రోజే సూదులు పడ్డాయి.

ఆ రోజుల్లో నేనైన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే, 'ఎదుటివాళ్లు అడిగేదేంటో ముందు పూర్తిగా విను తల్లీ' అని చెప్పాలనుంది. చెప్పినా లాభం లేదు. నా మాట సగంలో ఉండగానే, "అయ్యో, గంత తెల్వదా అక్కా నాకు!" అనేస్తుంది.