కౌంటరు పాస్‌వర్డ్

మా ప్రింటరక్క మంచి మనిషి అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. కసి ఉన్న మనిషి. తన గ్లాసులో టీ తాగినందుకు మా ల్యాబు డ్రైవరుతో రెండేళ్లు మాట్లాడలేదు. అయినా ఆమె పక్షాన నిలబడ్డందుకు నేనేమీ సిగ్గుపడను.

రక్తపరీక్షలు చేసే మా ల్యాబులో కంప్యూటర్లనూ ప్రింటర్లనూ తొమ్మిదేళ్లుగా చూసుకునేది ఆమే. నాది కౌంటరు. పొద్దున్నే రిమోట్ డెస్క్‌టాప్‌తో పై అంతస్తులోని సర్వర్‌లోకి వెళ్తాను. ల్యాబు యజమాని మా డాక్టరమ్మ ఓకే నొక్కిన రిపోర్టు నా పక్కనున్న ప్రింటర్‌లో దానంతటదే వచ్చేస్తుంది. ఆ ఏర్పాటు అక్కదే.

ఒక రోజు ఓ స్కూలు టీచరమ్మ రిపోర్టు రాలేదు. ఆమెకు టీబీ ఉందో లేదో తేల్చే కాగితం అది. రెండోసారి ప్రింటు తీసి ఇచ్చి ఊరుకున్నాం. మూడో రోజుకల్లా ఆమెకు టీబీ అని వీధి వీధంతా తెలిసిపోయింది. స్కూలువాళ్లు రావద్దన్నారు. ఆమె మా కౌంటరు ముందు నిలబడి, "నేనెవరికీ చెప్పలేదమ్మా, మరి ఎవరు చెప్పారు?" అని అడిగింది. నేను మేనేజరును పిలుచుకొచ్చాను.

ఆయన వస్తూనే అక్క మీద పడ్డాడు. "ప్రింటర్ సెట్టింగులు నీవే కదా? నీ నిర్వాకమే ఇది" అని అందరి ముందూ తప్పంతా అక్క నెత్తిన రుద్దాడు. రోగుల గుట్టు బయటపెట్టిందని మెమో ఇచ్చాడు. సోమవారం డాక్టరమ్మ దాని మీద సంతకం పెడితే ఉద్యోగం పోతుంది. ఆ మచ్చతో ఇంకే ల్యాబూ గడప తొక్కనివ్వదు.

అక్క ఏడవలేదు. పళ్లు నూరుతూ పనిలో పడింది. నా కనెక్షన్‌లో ప్రింటర్ల దగ్గర టిక్కు ఉంది. ప్రింటరు డ్రైవరు సాఫ్ట్‌వేరు సరిగ్గానే ఉంది. ప్రింట్ సర్వీసు ఆపి మళ్లీ నడిపింది, తేడా లేదు. చివరికి సర్వర్‌లో ఏ పేజీ ఎటు పోయిందో రాసి ఉండే చిట్టా తెరిచింది.

"ఆ రోజు నీకు లైను తెగిందా?"

"రోజూ తెగుతుందిగా అక్కా, పొద్దున తొమ్మిదిన్నరకి. మళ్లీ కలుపుకుంటాను. ఆ రోజు టీకి వెళ్లి కాస్త ఆలస్యంగా కలిపాను."

"లైను తెగడం కాదే. ఎవరో నీ లాగిన్‌తోనే లోపలికొచ్చి నిన్ను బయటికి తోస్తున్నారు. వాళ్లున్నంతసేపూ నీ రిపోర్టులు వాళ్ల ప్రింటర్‌లోకి పోతాయి."

చిట్టాలో ఉన్నది మేనేజరింటి కంప్యూటరు పేరు. ఆయన తన పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోలేక కౌంటరు పాస్‌వర్డ్ వాడుతున్నాడు. నిన్న ఎన్ని పరీక్షలయ్యాయో ఇంట్లోనే చూసుకుని, లాగవుట్ చేయకుండా కంప్యూటరు అలాగే వదిలేసి ఆఫీసుకొస్తాడు.

"వెంటనే డాక్టరమ్మకి చెప్పేద్దాం అక్కా" అన్నాను.

"చాటుగా చెబితే చాటుగానే సర్దుకుంటాడు. నన్ను నలుగురిలో తిట్టాడు. సోమవారం నువ్వు మళ్లీ కలపకు, అంతే."

సోమవారం తొమ్మిదిన్నరకు నా తెర మూసుకుపోయింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. పదింటికి డాక్టరమ్మ గదిలో అందరం చేరాం. మేనేజరు మెమో చదివి వినిపిస్తున్నాడు. అయ్యాక అక్క, "ఒక్క రిపోర్టు ఓకే చేయండి మేడమ్. ఉత్తుత్తి పేరుతో తయారుచేసి పెట్టాను" అంది. డాక్టరమ్మ నొక్కింది. తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్న నా ప్రింటరు కిక్కురుమనలేదు.

"చూశారా, ఇదీ ఈవిడ పనితనం" అన్నాడు మేనేజరు.

రెండు నిమిషాల్లో ఆయన ఫోను మోగింది. ఆపేశాడు. మళ్లీ మోగింది.

"ఇంటి నుంచేగా సార్, అందరూ వినేలా పెట్టండి" అంది అక్క. ఆయన కదల్లేదు. "పెట్టండి" అంది డాక్టరమ్మ.

"ఏవండీ," అంది మేనేజరు భార్య, "మళ్లీ ఏదైనా కాగితం వస్తే వెంటనే చెప్పమన్నారుగా? ఇప్పుడొచ్చింది. దీన్ని నేనెవరికీ చూపించలేదు. మన పాప స్కూలు టీచరు సంగతి పక్కింటావిడతో అన్నందుకే మీరు అన్నేసి మాటలన్నారు!"

ఆయన ముఖం మాడిపోయింది. అంతా తెలిసే అక్కను బలిపెట్టబోయాడు. నా కడుపు మంట చల్లారింది, అబద్ధమెందుకు? డాక్టరమ్మ మెమో చింపేసి, రేపటి నుంచి రావద్దని ఆయనకు చెప్పింది.

సామాను సర్దుకుని వెళ్తూ ఆయన అక్క బల్ల దగ్గర ఆగాడు. "నా బతుకు బజారున పడేశావు. సంతోషంగా ఉందా?"

"ఉంది సార్" అంది అక్క, తలెత్తకుండా. "కానీ ఇంకా తనివి తీరలేదు. ఆ టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎక్కడుందో కనుక్కుని ఆవిడ దగ్గరికి వెళ్లండి. ఎవరు చెప్పారని ఆవిడ అడిగింది, మీ నోటితోనే చెప్పండి."