మిద్దె తొక్కిన మధ్యాహ్నం

తొక్కడం అనే మాటకు మా బెళుగుప్ప దిక్కున ఎన్ని పనులో! ధర్మవరంలో మా అన్న మగ్గం తొక్కుతాడు. మా వీధిలో రవికలు కుట్టే ఆమె మిషన్ తొక్కుతుంది. పిల్లలు సైకిల్ తొక్కుతారు, పీర్ల పండక్కి మొక్కుకున్నవాళ్లు నిప్పులు తొక్కుతారు. పెళ్లిపీటల మీద కాలు తొక్కమంటే నా మొగుడు ఎంత గట్టిగా తొక్కాడంటే, మూడు రోజులు కుంటుతూ తిరిగాను. పోట్లాడుకున్నవాళ్లు నీ గడప తొక్కనంటారు, వారం తిరక్కముందే మజ్జిగ కోసం వచ్చి తొక్కుతారు. మన అర్జీ పైకి పోకపోతే తొక్కిపెట్టారంటాం. అక్షరాలు రాని నాకే ఇన్ని తెలుసు. అయినా తొక్కడం అంటే నాకు ముందు గుర్తొచ్చేది మా మిద్దె.

మాది మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలు, కట్టెల మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే చవిటి నేలలో తవ్వుకొచ్చే తెల్లటి మట్టి. బాగా అణిగిందా, నీటి చుక్క కిందికి దిగదు. ఏటా వానలకు ముందు పాతది గీకి కొత్తది పోసి తొక్కాలి. నా మొగుడు ఉన్నన్నాళ్లూ ఆ పని ఆయనదే, నేను గంపలు అందించేదాన్ని.

ఆయన పోయిన ఏడు నేనే ఎక్కాను. గీకేశాను, కొత్త చౌడు పోశాను, ఇంకా తొక్కలేదు. మధ్యాహ్నం గుమ్మఘట్ట వైపు ఆకాశం నల్లబడింది! ఎన్నాళ్లకు వస్తోందో ఆ వాన. ఎగిరి గంతేయాలనిపించింది, అంతలోనే విత్తనాలు గుర్తొచ్చాయి. లోపల మూలన మూడు మూటల విత్తన శెనక్కాయలున్నాయి. సర్కారు సబ్సిడీకి ఇస్తుంటే వరసలో నిలబడి, ఒకరి కాళ్లొకరం తొక్కుకుని తెచ్చుకున్నవి. ఇల్లంతా ఒకటే గది, ఎక్కడికి జరిపినా అదే మిద్దె కింద. అవి తడిస్తే ఆ ఏడు చేను బీడే.

పక్కింటి వదినను కేకేశాను. చీర ఎగదోపుకుని నిచ్చెనెక్కి వచ్చింది. ఇద్దరం భుజాల మీద చేతులేసుకుని దబదబా మొదలుపెట్టాం. మా అత్తకు చూపు ఆనదు, ఆమె కింద కూర్చుని వింటోంది.

"ఏమ్మే, ఎగురుతాండారా, తొక్కుతాండారా? ఎగిరితే దూలం ఇరుగుతాది. మడమ దించి నిలబడండి, ఆపైన రెండో కాలు."

"పెద్దమ్మా, నువ్వే పైకి రాకూడదా?" అంది వదిన.

"నా కాళ్లు బాగుంటే నిన్నెవురు పిలుస్తారు?"

వదిన నవ్వాపుకోలేక నా మీద పడింది. నేను మడమ దించాను. అప్పుడు తెలిసింది నాకు, ఇంతసేపూ పైపైనే చౌడు కదిలించామని. మళ్లీ మొదటినుంచి తొక్కాం. అత్త కట్టెతో కిందినుంచి పొడుస్తూ ఎక్కడ గుల్లగా ఉందో చెబుతుంటే, ఆ చప్పుడు పట్టుకుని అక్కడికి పోయేవాళ్లం. వాన గాలి వచ్చేసింది. నీళ్లు జారిపోయే తూము వైపు నుంచి ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ వచ్చాం. మూటలున్న మూల ఒక్కటే మిగిలింది.

అప్పుడు పడింది మొదటి చినుకు, బొటనవేలంత. రెండోది, పదోది! చౌడు కాళ్లకు అంటుకుని పెళ్లలు పెళ్లలుగా లేచింది. తొక్కేకొద్దీ గుంట పడుతోంది. వదిన దిగిపోదామంది. చౌడు లేచిపోతోందని నేను కిందికి అరిచి చెప్పాను.

"తడి మీద కాలు పెట్టొద్దు," అంది అత్త. "పొడి చౌడు యాడుండాదో చూడు. చల్లు, తొక్కు. మళ్లా చల్లు."

గంపలో అడుగున మిగిలింది చాలా తక్కువ. దాని మీద నేను వంగి తడవకుండా అడ్డం నిలబడ్డాను. వదిన పిడికిళ్లతో తీసి చల్లింది. నేను తొక్కాను. ఒంట్లో బరువంతా మడమలోకి దింపి తొక్కాను. గంప ఖాళీ అయ్యేసరికి వాన కుండపోత. జారుకుంటూ దిగాం.

లోపల ముగ్గురం నెత్తులెత్తి పైకే చూస్తూ కూర్చున్నాం. పొయ్యి మీద ఒక చుక్క రాలింది. తర్వాత ఇంకొకటి. వదిన గిన్నె పెట్టింది. మూటల వైపు ఏమీ రాలలేదు, అయినా నాకు ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

వాన తగ్గాక అత్తే తడుముకుంటూ పోయి మూట విప్పింది. నాలుగు కాయలు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"ఎండుగానే ఉండాయి," అంది. "పోయి ఎద్దులెవురియి దొరుకుతాయో అడుగు. నేల పదునారకముందే ఇత్తాల."

కాళ్లకు చౌడు కడుక్కోకుండానే బయటికి పరుగెత్తాను.