ఫ్రావ్ క్లైన్ తోటలో తొడ ఎముక

సగం చదువుకున్నవాడు చేసే ఘోరం అసలు చదువు రానివాడు కూడా చేయలేడు. నమ్మరా? ఒక పెద్దావిడను నేను దాదాపు హంతకురాలిని చేసిన వైనం వినండి.

కరోనా వచ్చిన మొదటి వసంతం. నేను జర్మనీలో ఎముకల శాస్త్రం చదువుతున్నాను. క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోకి దూరడంతో, ఆకెన్‌లో ఇంజనీరింగ్ చదివే మా కరీంనగర్ తమ్ముడు శ్రీకాంత్ గదికి మకాం మార్చాను. అసలే కోతి, ఆపైన కల్లు తాగిందంటారు. నాది అసలే సగం చదువు, ఆపైన లాక్‌డౌన్!

ఒక పొద్దున ఇంటావిడ ఫ్రావ్ క్లైన్ గులాబీ మొక్క నాటాలంటే, మేమిద్దరం తోటలో గుంత తవ్వాం. పారకు ఎముక తగిలింది. దాన్ని ఎండకెత్తి, గొంతు గంభీరం చేసి ప్రకటించాను.

"చిన్నపిల్ల తొడ ఎముక!"

"పక్కానా అన్నా? నాకైతే మటన్ బొక్క లెక్క కొడ్తున్నది."

"బొక్కల చదువు ఎవడు చదువుతున్నడ్రా? నువ్వా, నేనా?"

పోలీసులకు నేనే ఫోన్ చేశాను. వచ్చారు. తోట చుట్టూ టేపు కట్టారు. ఎదురింటి కిటికీలన్నిటా తలలే. పాపం, వాళ్ళకు మాత్రం వేరే సినిమా ఏముంది? ఫ్రావ్ క్లైన్ మెట్ల మీద కూలబడి "ఒట్టో... నా ఒట్టో!" అంటూ ఏడుపందుకుంది.

శ్రీకాంత్ నా చెవిలో గొణిగాడు. "మొగుణ్ణి గూడ ఈడనే పాతిపెట్టిందా ఏందన్నా?"

ఇంతలో ఎముకల నిపుణురాలు దిగింది. ఎముకను ఒక్కసారి తిప్పి చూసింది.

"మనిషిదని చెప్పిందెవరు?"

చెయ్యెత్తాను.

"మీ అర్హత?"

"రెండో సెమిస్టర్... ఆన్‌లైన్."

"మరణ విచారణలో ఆ మాట అనాలంటే డాక్టరేటు కావాలి. అనుభవం ఉన్నవాళ్ళ కింద ఏళ్ళ తరబడి అసలు ఎముకలతో పనిచేయాలి. ఆపైన పరీక్ష నెగ్గాలి. మీరు ఇంతవరకు చేత్తో పట్టుకున్న ఎముకలేవి?"

"బిర్యానీలోవి."

మాస్కు పైన ఆమె కళ్ళు నవ్వాయి. "ఇది కుక్కది."

"మా ఒట్టోదే!" అంది ఫ్రావ్ క్లైన్ ముక్కు చీదుతూ. "మా ఆయన పాతిపెట్టాడు. ఎవరైనా నన్నడిగితేగా!"

పోలీసులు వెళ్ళాక ఒట్టోను మళ్ళీ పడుకోబెట్టి, పైన గులాబీ నాటాం. ఆవిడ ఆపిల్ కేకు తెచ్చి గోడ మీద పెట్టి, దూరంగా కూర్చుని సాయంత్రం దాకా ఒట్టో కథలు చెప్పింది. వారాల తరబడి బయటి మనిషి గొంతు స్క్రీన్‌లోనే విన్న మాకు ఆ మాటలు కేకు కంటే తీపిగా తోచాయి. అంత మంచి సాయంత్రం ఆ ఏడాది మరొకటి రాలేదు.

అక్కడే చెయ్యి చాచి ప్రమాణం చేశాను. డాక్టరేటు పట్టా చేతికొచ్చేదాకా, ఏనుగు అస్థిపంజరం ఎదురొచ్చి నిలబడినా సరే, ఏ ఎముకకూ పేరు పెట్టను.

ఒట్టో మీద ఒట్టు!